ఏడింటి మిస్‌డ్ కాల్

సుగుణమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చిందంటే రేపల్లె సెక్షన్ ఆఫీసులో గుమస్తా తింటున్న టిఫిను పక్కన పెడతాడు. ఆమె పెద్ద ఉద్యోగస్తురాలని కాదు. ఈతచెట్ల మురుగుకాల్వ మీద లస్కరు. కట్ట వెంట నడిచి నీరు ఎంత ఎత్తున ఉందో చూడటం, తూము షట్టరు ఎత్తడం, దించడం, నీళ్ల మీద గుర్రపుడెక్క పేరుకుపోతే మనుషుల్ని పెట్టి లాగించడం ఆమె పని. పందొమ్మిదేళ్ల సర్వీసులో, చేరిన కొత్త వదిలేస్తే, ఆమె ఆఫీసుకు ఫోను చేసింది పదంటే పదిసార్లు. ఆ పదిసార్లూ ఎక్కడో చేలు మునిగాయి, లేదా మునగబోయి ఆగాయి.

ఆ ఉద్యోగం మొదట ఆమె భర్త డేనియల్‌ది. అతను పోయాక ఆమెకిచ్చారు. చేరిన కొత్తలో ఆమె భయానికి గంటకోసారి ఫోను చేసేది. నీళ్లు రెండడుగులున్నాయండి, ఇప్పుడు కూడా రెండడుగులేనండి అని. అప్పటి ఏఈ గారు మంచివాడే గాని ఒకరోజు ఓపిక అయిపోయింది. "అమ్మా, ఉన్నదే ఉంటే ఉన్నదని చెప్పమాకమ్మా," అన్నాడు.

ఆ మాట ఎలా పాటించాలో ఆమెకు తర్వాత వచ్చిన తుపాను నేర్పింది. ఐదు రోజులు కరెంటు లేదు. కాల్వ మీద ముగ్గురు లస్కర్లు, చూసుకోవడానికి తలా కొంత కట్ట, తలా ఒక బీటు. పై బీటులో ఆశీర్వాదం, మధ్యలో సుగుణమ్మ, సముద్రం వైపు సుందరయ్య. ముగ్గురి ఫోన్లలోనూ ఛార్జింగు అడుగంటింది. సుందరయ్య అందరికంటే పెద్దవాడు. ఆయన తూము గోడ మీద కూచుని మిగతా ఇద్దరికీ చెప్పాడు.

"చూడ్డానికేం పోదు. చెప్పడానికే పోయిద్ది. కాబట్టి చూస్తా ఉండండి, నోరు మాత్రం మూసుకోండి."

అప్పుడు పెట్టుకున్నదే వాళ్ల పద్ధతి. ప్రతి బీటులోనూ నీళ్లలో పాతిన కొలత రాయి మీద ఎర్ర గీత ఉంది. నీరు గీత కింద ఉన్నంతసేపు ఎవరూ ఎవరికీ ఫోను చేయరు. గీత దాటితే పక్క బీటువాడికి ఒక మిస్‌డ్ కాల్. పక్కవాడు తన రాయి చూసుకుంటాడు. అక్కడ కూడా దాటితే వరదే, ఆఫీసుకు చెప్పాలి. దాటకపోతే మొదటివాడి దగ్గర డెక్క అడ్డం పడిందని అర్థం. వెళ్లి లాగేసి, పని అయ్యాక మళ్లీ ఒక్క మిస్‌డ్ కాల్ ఇస్తే సరి. ఐదో రోజు కరెంటు వచ్చేసరికి ఊళ్లో ఫోన్లన్నీ చచ్చిపోయి ఉంటే ఈ ముగ్గురి ఫోన్లలో ఇంకా ప్రాణం ఉంది.

సుగుణమ్మ కూతురు రూబీ కూడా ఆ అలవాటులోనే పెరిగింది. తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు రైలు దిగి ఒక మిస్‌డ్ కాల్ ఇస్తే చేరినట్టు. రెండు వరసగా ఇస్తే అమ్మ వెంటనే బయల్దేరి రావాలని. రెండు ఇవ్వాల్సిన అవసరం ఆ రెండేళ్లలో ఎప్పుడూ రాలేదు. పెళ్లయి తెనాలిలోనే కాపురం పెట్టాక, ఫోను మాటలకు లెక్క లేకుండా పోయాక, రూబీ రోజూ అరగంట మాట్లాడుతుంది. మాట్లాడేది రూబీ, ఊఁ కొట్టేది సుగుణమ్మ.

ఆ అరగంటలో నెలకు ఒకసారైనా మొదటి కాన్పు సంగతి వస్తుంది. మూడేళ్ల కిందట రూబీ పురుడు పోసుకోవడానికి పుట్టింటికొచ్చింది. నొప్పులు మొదలైనరోజు సుగుణమ్మ ఐదో మైలురాయి వంపు దగ్గర గండి పడకుండా ఇసుక బస్తాలు వేయిస్తోంది. పక్కింటివాళ్లు రూబీని ఆటో ఎక్కించి తెనాలి తీసుకెళ్లారు. సుగుణమ్మ మనవణ్ణి చూసింది నాలుగోనాడు.

"మా అమ్మకి పెద్దకూతురు ఆ కాల్వేలే. నేను రెండోదాన్ని," అంటుంది రూబీ. నవ్వుతూనే అంటుంది. సుగుణమ్మే ఆ మాట దగ్గర ఊఁ కొట్టడం మానేస్తుంది.

ఇప్పుడు రూబీకి మళ్లీ నెలలు నిండుతున్నాయి. నవంబరు మొదటి వారమన్నారు డాక్టరు. అంటే కాల్వ పొంగే అదను కూడా అదే. జూన్‌లోనే సుగుణమ్మ రేపల్లె వెళ్లి ఏఈ గారి ముందు నిలబడింది.

"వానాకాలంలో లస్కరుకి సెలవు ఎట్టా ఇవ్వమంటావమ్మా," అన్నాడాయన. ఆమె కదలకుండా నిలబడి ఉండటం చూసి, "జులైలో కాల్వ మీద పెట్టెలు పెడతన్నారు. నీళ్ల ఎత్తు అయ్యే చూసి అయ్యే చెప్తయ్యంట. అవి గనక వానలో కూడా పనిచేస్తే నువ్వు నాలుగు రోజులు పోయిరా. నీ బీటు సుందరయ్య చూస్తాడు," అన్నాడు.

అందుకని పెట్టెలు వచ్చినరోజు కాల్వ మీద అందరికంటే సంతోషించింది సుగుణమ్మే. ఇనప స్తంభాలు పాతడానికి గుంటలు ఎక్కడ తీయాలో చూపించింది. తొమ్మిది పెట్టెలు. నాలుగు, ఐదు, ఆరు ఆమె బీటులోవి. పెట్టె నెత్తిన పలకంత సోలారు ప్యానెలు, అడుగున నీటి ఎత్తు కొలిచే కన్ను. వాటిని చూసుకునే పిల్ల నీరజ బాపట్లలోని ప్రాజెక్టు ఆఫీసు నుంచి వస్తుంది. పాతికేళ్లుంటాయి. స్కూటరు మీద వచ్చేది, వీపుకు బ్యాటరీల సంచి.

ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. మూడోరోజుకు తొమ్మిదింటిలో ఆరు పెట్టెలు ఆగిపోయాయి. నీరజ ఐదో పెట్టె మూత విప్పుతుంటే సుగుణమ్మ గొడుగు పట్టుకుని నిలబడింది.

"ఏంటి మేడం, మళ్లీ పోయిందా?"

"పోయిందండి. ఎండుంటే ఛార్జవుతుందండి. మబ్బేస్తే కావట్లేదు."

"అంటే నీళ్లు లేనప్పుడు పనిచేసి, నీళ్లొచ్చినప్పుడు పడుకుంటయ్యన్నమాట. దీనికంటే మా ఆశీర్వాదం నయం. ఎండాకాలమంతా పడుకున్నా వానొస్తే లేస్తాడు."

నీరజ కోపం తెచ్చుకోవాలనుకుని నవ్వేసింది.

"పొద్దస్తమానం ఇదేం చేసిద్ది?" అంది సుగుణమ్మ.

"పది నిమిషాలకోసారి నీళ్లు కొలిచి బాపట్లకి పంపుతుందండి."

"నీళ్లు మారకపోయినా?"

"మారకపోయినా."

"ఎందుకు?"

స్క్రూడ్రైవరు ఆగింది. "ఎందుకంటే... తెలుస్తుండాలి కదండి," అంది నీరజ, తన జవాబు తనకే నచ్చనట్టు.

"కొలవడానికి ఛార్జింగు ఎక్కువ పోయిద్దా, పంపడానికా?"

"పంపడానికేనండి. కొలవడానికి పెద్దగా ఏం పోదు."

"మరదే. చూడ్డానికేం పోదు, చెప్పడానికే పోయిద్ది. ఈ ముక్క మా సుందరయ్య బాబాయి తుపానప్పుడే చెప్పాడు."

తూము గోడ తడిగా ఉంది. ఇద్దరూ గొడుగు కింద దాని మీదే కూచున్నారు. సుగుణమ్మ ముగ్గురు లస్కర్ల పద్ధతి చెప్పింది. ఎర్ర గీత, పక్క బీటుకు మిస్‌డ్ కాల్, పక్కవాడు కూడా చూసుకున్నాకే ఆఫీసు. నీరజ మూడుసార్లు చెప్పించుకుని బ్యాటరీ డబ్బా అట్ట వెనక రాసుకుంది. రాసుకున్నాక ఆ అట్టను కాసేపు చూసి, "పిన్నీ, మీరొకసారి బాపట్ల రావాలి," అంది. మేడమూ అండీ ఆ అట్టతోనే అయిపోయాయి.

చెరుకుపల్లి మీదుగా బస్సులో బాపట్ల వెళ్లారు. ప్రాజెక్టు పెద్ద రాజ్ కుమార్ గారి గదిలో గోడకు పెద్ద టీవీ ఉంది. దాని నిండా అంకెలు పైనుంచి కిందికి జారిపోతున్నాయి. సుగుణమ్మ ఆదివారం కట్టుకునే చీర కట్టుకుని కుర్చీ అంచున కూచుంది. ఆ అంకెలు చూస్తే ఆమెకు ఫోనులో రూబీ గుర్తొచ్చింది. ఊఁ కొట్టడానికైనా సందు లేదు.

నీరజ అంతా వివరించింది. రాజ్ కుమార్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరన్నట్టు చేస్తే ఈ స్క్రీను ఖాళీగా ఉంటుంది. ఖాళీ స్క్రీను ముందు కూచుని నేనేం చెయ్యనమ్మా?"

"కాఫీ తాగండి సార్."

నీరజ తల వంచుకుంది. రాజ్ కుమార్ గారు మాత్రం నవ్వలేదు. "సరే, ఒక పెట్టె దగ్గర గీత దాటింది. వరదని వెంటనే నాకు చెప్పొద్దా?"

"ఒక్కచోటే లేస్తే వరద కాదండి, డెక్క. వరదైతే ఒకళ్ల దగ్గర ఆగదు సార్. పక్కనున్నోళ్లకి కూడా తెలిసిద్ది. ఒకళ్లనొకళ్లు అడుక్కుని, అవునంటే అవునని తేలాక మీకు చెప్తే చాలు. ఒక్కచోటైతే నాకు చెప్పమనండి. నేను పోయి లాగేస్తా."

ఆయన నీరజ వైపు తిరిగాడు. "ఇది రాసుకున్నావా?"

"మూడుసార్లు సార్."

"అయితే పెట్టు," అన్నాడాయన. "కానీ ఒక మాట. ఈసారి వాయుగుండం పడి వరసగా ఐదు రోజులు ఎండ లేకపోయినా తొమ్మిదీ బతికుండాలి. లేకపోతే పీకేసి వేరే జిల్లాకి పంపేస్తాం. నాక్కూడా పైనుంచి అడిగేవాళ్లున్నారు."

తిరుగు బస్సులో సుగుణమ్మ ఐదు రోజులు, తొమ్మిది పెట్టెలు అని మనసులో అనుకుంటూ కూచుంది. నవంబరు మొదటి వారం అని కూడా.

సెప్టెంబరు మూడోవారంలో నీరజ పెట్టెలకు కొత్త పద్ధతి ఎక్కించింది. బాపట్లలో టీవీ ఖాళీ అయింది. మొదటిరోజు రాజ్ కుమార్ గారు నీరజకు నాలుగుసార్లు ఫోను చేశాడు. రెండోరోజు జీపు వేసుకుని వచ్చి తొమ్మిది పెట్టెలనూ కళ్లారా చూసుకుని వెళ్లిపోయాడు. మూడోరోజు రాలేదు. ఆశీర్వాదం, "వదినా, సారుకి కాఫీ అలవాటైనట్టుంది," అన్నాడు.

ఆ వారమే ఆరో పెట్టె నీళ్లలో పడిపోయింది. ఎవరిదో గేదె ఒళ్లు రుద్దుకుంటే స్తంభం ఒరిగింది. శనివారం పడిందో ఆదివారం పడిందో ఎవరికీ తెలియదు. ఆదివారం సుగుణమ్మ గుడికి ప్రార్థనకు వెళ్లింది. సోమవారం కట్ట మీద నడుస్తుంటే స్తంభం మొదలు మాత్రం కనిపించింది. బాపట్లలో అంతా నిమ్మళంగా ఉన్నారు. పెట్టె మాట్లాడలేదంటే బాగుందనే కదా.

నీరజ వచ్చి ఒడ్డున కూలబడింది. "నోరు మూసుకోమన్నాం పిన్నీ. చచ్చిపోయినా మూసుకునే ఉంటుంది. బాగున్నదీ చచ్చిందీ రెండూ ఒకలాగే ఉన్నాయి. సార్‌కి తెలిస్తే రేపే పీకించేస్తారు."

సుగుణమ్మ మోకాలి లోతు నీళ్లలోకి దిగి పెట్టెను పైకి తెచ్చి కొంగుతో తుడిచింది. ముగ్గురు లస్కర్లు ఇన్నేళ్లూ ఇలాగే నడిపారు. మరి తమలో ఎవరైనా పడిపోతే మిగతా ఇద్దరికీ ఎలా తెలిసేది? ఎందుకు తెలిసేది? ఒకసారి ఆశీర్వాదాన్ని పాము కరిస్తే గంటలోపు సుందరయ్యా తనూ వెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. అప్పుడు వాడేమీ ఫోను చేయలేదు.

చేయలేదనే వెళ్లారు.

"అమ్మాయ్," అంది సుగుణమ్మ, పెట్టెను పట్టుకునే. "తప్పు నాదే. నీకొకటి చెప్పలా."

పొద్దున ఏడింటికి ఆశీర్వాదం సుగుణమ్మకు ఒక మిస్‌డ్ కాల్ ఇస్తాడు. అది అందాక సుగుణమ్మ సుందరయ్యకు ఇస్తుంది. సుందరయ్య ఆఫీసుకు ఇస్తాడు. నేనున్నాను, నా పైవాళ్లు కూడా ఉన్నారు అని. రోజుకు ఒక్కసారి. పైనుంచి రాకపోతే కిందివాళ్లు సైకిలెక్కి చూసిరావాలి. నీరజకు పద్ధతి అంతా చెప్పినరోజున ఆ సంగతి సుగుణమ్మకు తట్టనే లేదు. పొద్దున్నే పళ్లు తోముకుంటామని ఎవరికైనా విడిగా చెప్తామా.

"తొమ్మిదీ ఒకదానికొకటి అందించుకుని, ఆఖరిది బాపట్లకి ఇస్తే చాలా?" అంది నీరజ లేచి నిలబడుతూ.

"మధ్యలో తెగితే, నా పైది పలకలేదని కిందది చెప్పాలి."

"చెప్పిద్దిలే పిన్నీ," అంది నీరజ. ఆ పిల్ల నోట ఆ యాస అంతకుముందు లేదు.

"ఆఖర్లో నా ఫోనుక్కూడా ఒకటి ఇప్పించు."

స్తంభాల చుట్టూ తుమ్మకంప కట్టారు, గేదెల కోసం. అక్టోబరు ఒకటి నుంచి రోజూ ఏడింటికి సుగుణమ్మ ఫోను ఒక్కసారి మోగి ఆగేది. ఆమె పొయ్యి దగ్గర ఉన్నా, ప్రార్థనలో ఉన్నా, ఎత్తకుండా తల ఊపేది.

నెలాఖరులో వాయుగుండం పడింది. వాన గట్టిగా కాకపోయినా ఆకాశం బూడిదరంగులో మూసుకుపోయింది. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఏడింటికి ఫోను మోగుతూనే ఉంది. నాలుగోరోజు మోగేటప్పటికి ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మోగి ఆగాక గాని తాగలేదు. ఐదోరోజూ మోగింది. సాయంత్రం దాకా నిలబడితే చాలు.

ఎనిమిదిన్నరకు మళ్లీ మోగింది. ఈసారి రూబీ. ఎత్తేలోగా ఆగింది. వెంటనే ఇంకోసారి మోగి ఆగింది.

రెండు.

డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా పదిరోజులుంది. సుగుణమ్మ చేతి తడి తుడుచుకుని ఆఫీసుకు ఫోను చేసింది. ఆ పదిసార్ల తర్వాత అది పదకొండోది.

"ఎక్కడ తెగిందమ్మా?" అన్నాడు గుమస్తా, నోట్లో ఇడ్లీతో.

"ఎక్కడా తెగలేదండి. మా అమ్మాయికి నొప్పులొచ్చినయ్యండి. ఏఈ గారికి ఇవ్వండి."

ఏఈ గారు ఒక్కటే అడిగాడు. "పెట్టెలు?"

"పొద్దున తొమ్మిదీ పలికినయ్యండి."

"అయితే బయల్దేరమ్మా. ఇంకా నాతో మాట్లాడతావేంటి?"

సుందరయ్యకు బీటు అప్పగించి, తను మిస్‌డ్ కాల్ ఇస్తే తన కట్ట వెంట పోయి చూడమని చెప్పింది. ఆటోలో రేపల్లె స్టేషనుకు చేరేసరికి తెనాలి వెళ్లే రైలు ఇంకా కదల్లేదు. టిక్కెట్టు తీసుకుని రైలు ఎక్కబోతుంటే ఫోను మోగింది. చూసుకుంది. ఐదో నంబరు. వంపు దగ్గరున్న పెట్టె. మూడేళ్ల కిందట ఇసుక బస్తాలు వేయించిన చోటు.

ఆమె ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద పెట్టి ఆగిపోయింది. వెనకున్న ఆడమనిషి, "ఎక్కుతావా లేదా అక్కా," అంది. సుగుణమ్మ పక్కకు జరిగి దారిచ్చింది.

ఒక్కచోటైతే నాకు చెప్పమనండి అని తానే అంది. ఐదోది ఇప్పుడు నాలుగునీ ఆరునీ అడుగుతూ ఉంటుంది. అవి కూడా అవునంటే ఫోను మళ్లీ మోగుతుంది. ఆఫీసులో మోగుతుంది, బాపట్లలో మోగుతుంది. అప్పుడు ఈ రైలు తనది కాదు. బాపట్లలో ఆ మాట చెప్పేటప్పుడు నోరు ఎంత తేలిగ్గా తిరిగింది. ఇప్పుడు మెట్టు మీద కాలు బరువుగా ఉంది. సుందరయ్యకు ఒక మిస్‌డ్ కాల్ ఇచ్చి, ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఎవరికైనా ఫోను చేసి అడగొచ్చు. అడిగితే నీరజ కంగారు పడుతుంది, సారు జీపు తీస్తాడు, అందరూ వంపు దగ్గరికి పరుగెత్తుతారు. నాలుగు పలకలేదు. ఆరు పలకలేదు. పొద్దున ఏడింటికి రెండూ బతికే ఉన్నాయి. బతికుండి పలకడంలేదంటే వాటి దగ్గర నీళ్లు లేవలేదు.

రైలు కూత వేసింది. సుగుణమ్మ ఎక్కింది.

కిటికీ పక్కన చోటు దొరికింది. భట్టిప్రోలు వచ్చింది, పోయింది. ఫోను ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఇందాకటి ఆడమనిషి ఎదురుగా జామకాయ కొరుకుతూ, "ఎవరికోసమక్కా, అట్టా చూస్తన్నావు?" అంది.

"కాల్వకోసం."

ఆమెకు అర్థం కాకపోయినా మర్యాదకు తలూపి సగం జామకాయ ఇచ్చింది. వేమూరు దాటుతుండగా ఫోను మోగింది. సుందరయ్య. ఒక్కసారి మోగి ఆగింది. సుగుణమ్మ ఇంకా చూస్తూనే ఉంది. రెండోసారి మోగలేదు.

డెక్క లాగేశాడు. అంతే. ఆమె జామకాయ కొరికింది. కొరుకుతూ నవ్వింది. ఎదుటామె కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది.

తెనాలి ఆసుపత్రి గుమ్మంలో అల్లుడు జశ్వంత్ కొడుకును చంకనేసుకుని తిరుగుతున్నాడు. "లోపల ఉందత్తయ్యా. మీరొచ్చేదాకా కననంటంది," అన్నాడు.

రూబీ మంచం పట్టె గట్టిగా పట్టుకుని ఉంది. తల్లిని చూసి ముందు నమ్మలేదు. "వచ్చావా," అంది నొప్పి తగ్గాక. "నీ పెద్దకూతురు ఎట్టా వదిలిందే నిన్ను?"

"అదేం మాట్లాడటంలా. బానే ఉంది," అంది సుగుణమ్మ కూతురి జుట్టు వెనక్కి దువ్వుతూ.

సాయంత్రం నాలుగు కాకముందే ఆడపిల్ల పుట్టింది. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి, ముందు ఎవరి చేతికివ్వాలన్నట్టు చూస్తే జశ్వంత్ అత్తగారి వైపు చూపించాడు. సుగుణమ్మ పిల్లను అందుకుని కిటికీ వెలుతుర్లో ముఖం చూసింది. కాళ్లు చూసింది. వేళ్లు లెక్కపెట్టి, పది వచ్చాక కూడా ఇంకోసారి లెక్కపెట్టింది.

మర్నాడు పొద్దున ఇంకా ముసురే. ఏడింటికి ఫోను ఒక్కసారి మోగి ఆగింది. సుగుణమ్మ తల ఊపింది. ఐదు నిమిషాలకు నీరజ ఫోను చేసింది. ఇది మామూలు ఫోనే.

"పిన్నీ, ఆరోరోజు. తొమ్మిదీ ఉన్నాయి. పెట్టెలు ఇక్కడే ఉంచేస్తామని సార్ ఏఈ గారికి చెప్పేశారు."

"సారు ఏం చేస్తన్నారు?"

"ఖాళీ టీవీ ముందు కూచుని కాఫీ తాగుతున్నారు."

సుగుణమ్మ నవ్వుతుండగా ఉయ్యాల్లో పిల్ల ఏడుపు ఎత్తుకుంది. రూబీ కళ్లు మూసుకునే మూలిగింది. "ఇప్పుడే కదే పాలిచ్చింది. పది నిమిషాలు కూడా కాలా. ఆకలీ లేదు, తడీ లేదు. ఊరికే ఎందుకే దీనికి?"

సుగుణమ్మ పిల్లను ఎత్తి భుజాన వేసుకుంది. పిల్ల ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టింది.

"ఉన్నానని చెప్తందిలే," అంది. "చెప్పనీ."